‘అంతర ప్రమాణం’ ఎంతవరకు ప్రమాణం? – ఒక పరిశీలన

గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఒక పదార్థం ఎంత ఉందో తేల్చడానికి, దాని ఐసోటోపు రూపాన్ని తెలిసిన మోతాదులో నమూనాకు కలుపుతారు. దీనిని ‘అంతర ప్రమాణం’ అనవచ్చు. అయితే న్యాయదర్శనంలో యథార్థ జ్ఞాన సాధనాన్నీ, లోకవ్యవహారంలో ఒట్టునూ సూచించే ‘ప్రమాణం’ అనే మాట, ఈ ద్రావణానికి లేని నిర్దుష్టతను ఆపాదిస్తున్నది.

పద్ధతి బలమంతా నిష్పత్తిలో ఉంది. వెలికితీతలో సగం పదార్థం పోతే ప్రమాణమూ సగం పోతుంది, నిష్పత్తి మారదు. వెలికితీత తరువాత కలిపితే మాత్రం అంతకుముందరి నష్టం లెక్కకు రాదు.

కెఫీన్‌నే తీసుకుంటే, అణువులో 8 కార్బన్లు. ప్రకృతిలో కార్బన్-13 సుమారు 1.1 శాతం కనుక, 194 వద్ద కనిపించే సాధారణ కెఫీన్ 195 వద్ద కూడా దాదాపు 9 శాతం సంకేతమిస్తుంది. ఒకే కార్బన్-13 గల ప్రమాణం అందులో కలిసిపోతుంది; మూడు గలది 197 వద్ద విడిగా నిలుస్తుంది. డ్యుటీరియం రూపమైతే స్తంభం నుండి కాస్త ముందే వెలువడుతుంది.

అసలు చిక్కు ప్రమాణపు గాఢతలోనే ఉంది. 2004కు ముందు క్రీడాకారుల మూత్రంలో కెఫీన్ పరిమితి మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు. ప్రమాణ మోతాదు నుండే నేరుగా లెక్కగట్టేటప్పుడు, ఆ ద్రావణం చెప్పినదానికన్నా 5 శాతం పలుచనైతే 11.6 కాస్తా 12.2 అవుతుంది. (అదే ద్రావణంతో అమరిక రేఖ గీస్తే ఈ దోషం రద్దవుతుందన్నది నిజమే.) పదిసార్లు కొలిచినా అదే 12.2 వస్తుంది, ఆ నిలకడనే యథార్థతగా పొరబడడం సులభం.