ఒక పందిరి, ఒక శ్రుతి

కృష్ణానది భవానీద్వీపమును చుట్టివచ్చి ప్రకాశము బ్యారేజీకి చేరువగు చోట, ఏటిగట్టునుండి హైదరాబాదు రహదారి దాక అల్లుకొనియున్న భవానీపురములో, శ్రీరామనవమి పందిళ్లు లేచిన దినములలో ప్రొద్దు క్రుంకిన పిమ్మట నడచిపోవువానికి వీధికొక సంగీతము చెవిని బడుచుండును. కొన్నియేండ్ల క్రిందట అట్టి పందిరి నొకదానిలో నేను రెండుజాములు కూర్చుంటిని. మొదట ఫిడేలు కచేరీ జరిగినది. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, పెద్దముత్తైదువలు పాతికమంది ముందు చాపలపై కూర్చుండి తలలూపిరి. మంగళము పాడగానే వారందరును లేచిపోయిరి. తరువాతిది సినిమాపాటల ఆర్కెస్ట్రా. దానికై హమాలీలు, లారీ క్లీనర్లు, కుఱ్ఱకారు వచ్చి పందిరి నింపిరి. ఈ రెంటి నడుమ పావుగంటసేపు అక్కడ మైకువాడును నేనును తప్ప మూడవ మనిషి లేడు. అందరికిని అన్నియు పెట్టవలెనను కమిటీవారి తలంపు మంచిదే. కాని ఆ ఖాళీ చాపలను చూచుచున్నప్పుడు, భిన్నసంగీతములను ఒకే రాత్రి వరుసగా పేర్చుట వేరు, వానిని ఒకే రాత్రిగా అల్లుట వేరు అను సంగతి నాకు తట్టి, ఆ అల్లిక నెరిగిన హరికథ మన పందిళ్లనుండి తొలగిపోవుచున్నందుకు మనసు చివుక్కుమన్నది.

హరికథలో వేదికపై నిలుచువాడు హరిదాసు ఒక్కడే. మెడలో పూలమాల, చేత చిడతలు, కాళ్ల గజ్జెలు, వెనుక మృదంగము, ఫిడేలు, హార్మోనియము. ఇంతమాత్రపు సామగ్రితో ఆయన గాయకుడై కీర్తన పాడవలెను, పౌరాణికుడై పద్యమునకు అర్థము చెప్పవలెను, నటుడై రుక్మిణిగాను శిశుపాలుడుగాను మారవలెను, విదూషకుడై నవ్వింపవలెను. కందము, సీసము, ద్విపద, దరువు, ఏలపదము, జావళి, తంజావూరు మరాఠీ కీర్తనకారులనుండి వచ్చిన మట్టులు, ఉత్తరాది బాణీలు, ఇటీవలి కాలములో సినిమా వరుసలు కూడ ఆ ఒక్క కంఠములో చేరినవి. ఇన్ని చేరినను అది అతుకులబొంత కాకపోవుటకు కారణమేమో కొంత నిదానముగా చూడదగును.

అన్నింటికి ఆధారము శ్రుతి. ప్రార్థన మొదలు హారతి దాక దాసుగారి షడ్జము మారదు. మోహనములో కీర్తన ముగియగా ఆయన వచనములోనికి దిగును. కాని ఆ వచనమును శ్రుతి నంటియే నడచును, వాక్యపు కడపటి అక్షరము షడ్జమునో పంచమమునో తాకి నిలుచును. వినువానికి తెలియకయే చెవి అక్కడ సిద్ధమైయుండుటచేత, ఆ వెంటనే సీసపద్యమును హిందూస్థానీ కాపిలో నెత్తుకొన్నను, దాని వెనుక ఊడ్పుపొలములనాటి వరుస నొకదానిని విసరినను, ఇవి వేరువేరు ఇండ్లనుండి వచ్చినవని తోచదు. కచేరీలో వచనము లేదు, నాటకములో మాట శ్రుతిని విడిచి పలుకవచ్చును. మాటకును పాటకును నడుమనున్న ఈ సన్నని గట్టుపై నడచుటయే హరిదాసు విద్యలో కెల్ల కష్టమైనదని నా నమ్మిక.

లయ విషయములో బరువు మృదంగముది. కీర్తన ఆదితాళములో చతురశ్రనడకతో సాగుచున్నది, రాబోవు దరువు తిశ్రములో నున్నది అనుకొందము. ఎరిగిన విద్వాంసుడు కీర్తన ముగియువరకు ఆగడు. చివరి ఆవర్తములలోనే తిశ్రపు గింజలు నాలుగు చల్లి, ముక్తాయింపును ఆ నడకతోనే కట్టును. ముక్తాయింపు తోకయే దరువునకు తల యగును. ఆ సంధిలో దాసుగారి గజ్జె ఒక్కమారైనను తెగదు.

ఇక సభ. దాసు కన్ను ఎప్పుడును జనముమీదనే యుండును. వెనుక వరుసలో పిల్లలు కునికిపాట్లు పడుచున్నారని చూచెనా, కథ నాపి పిట్టకథ నందుకొనును. శ్లేషగల పద్యమును పండితులకై చదివి, దాని భావమునే మరుక్షణమున బందరు సంతలోని బేరముగా మార్చి చెప్పును. అయితే ఇది ఎవరి వాటా వారికి పంచి పంపుట కాదు. హనుమంతుని అల్లరికై వేచియున్న హమాలీ అది వచ్చులోపల తోడిరాగము వినక తప్పదు. తోడికై వచ్చిన మాస్టారు ఏలపదమును దాటిగాని మంగళమును చేరలేడు. ఒకరి పాట వచ్చువరకు వేరొకరి పాటలో కూర్చుండుటచేత, నాలుగైదు రాత్రులకు ఆ పాట తమదియు నగును. తోడి పేరెరుగనివాడు దాని గాంధారమునకు ఉలికిపడుట నేను చూచితిని. అంతకంటె గొప్ప సంగీతశిక్షణ యేదియో నాకు తెలియదు.

ఈ కళకు తెలుగున మహోన్నతరూప మిచ్చినవారు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో జన్మించి, ఇరువదేండ్లు నిండకమునుపే మదరాసు కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, ఆ త్రోవనే పట్టి, 1919లో విజయనగరమున వెలసిన సంగీతపాఠశాలకు అధ్యక్షులై, 1945లో కన్నుమూసిన ఆ మహనీయుడు ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెలుగునకును మరలించెను. రెండు చేతులను, రెండు కాళ్లను, శిరస్సును వేరువేరు తాళములకు నడపెడి పంచముఖివిద్యచేత లయబ్రహ్మ యని పేరందెను. భిన్నగతులను ఒక శరీరములో నిలుపగలవానికి భిన్నజనులను ఒక పందిరిలో నిలుపుట ఎంతపని?

కృష్ణాడెల్టాలో ఈ కళ వ్రేళ్లూనుటకు వరిచేలే అండ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప, కోతలు ముగిసి గాదెలు నిండిన ఊళ్లు మాఘమునుండి చైత్రము దాక దాసులను పిలిపించుకొనగలిగినవి. అచ్చటనే బుర్రకథయు పెరిగినది. గుంటూరు సీమ పొన్నెకల్లున పుట్టిన షేక్ నాజర్, ముసల్మాను ఇంటి బిడ్డ, శాస్త్రీయసంగీత మభ్యసించి ఆ స్వరజ్ఞానమును గుమ్మెటల మ్రోత నడుమకు తెచ్చి, ఒక వంత హాస్యమును, ఒక వంత రాజకీయమును నడుపుచుండగా పలనాటి వీరులను పాడెను. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము తెరచిన పిమ్మట ఈ కథలు రేడియోకును ఎక్కినవి, అది మేలే. కాని స్టూడియో గోడకు కునికిపాట్లు రావు, దానిని చూచి దాసు కథ నాపి పిట్టకథ అందుకొనలేడు.

భిన్నజనులను ఒకే సంగీతమున చేర్చు ఈ తపన దూరదేశములలోను కలదు. న్యూయార్కులో 1970నుండి డేవిడ్ మాంకూసో తన నివాసమునందే నృత్యరాత్రులు నడపి, నల్లవారిని, తెల్లవారిని, స్పానిషు మాటలాడువారిని ఒక్క గదిలో చేర్చి పలుజాతుల సంగీతము వినిపించెను. ఒక రికార్డు లయతో రెండవదాని లయను సరిపెట్టి, సందు తెలియకుండ పాటనుండి పాటకు దాటెడి విద్య ఆ దశాబ్దమున క్లబ్బులలో పెంపొందినది. మన ముక్తాయింపు నెరిగినవానికి అది పరాయివిద్య కాదు. మన ఊరి కుఱ్ఱవారు డీజే పెట్టెలు తెచ్చినందుకు కోపించు పెద్దలతో నేను ఏకీభవింపను. ఆ పెట్టె ముందుకు మృదంగవిద్వాంసు నొకరిని పిలిచి, సంధి ఎట్లు కట్టవలెనో ఆ పిల్లలకు చూపుడని మాత్రము కమిటీవారిని అడుగుదును.

మరుసటియేడు అదే వీధిలో ఒక దాసుగారిని పిలిపించిరి. సీతాకల్యాణము. పదిగంటలకు మొదలైనది, ఫిడేలునాటి మాస్టార్లును వచ్చిరి, ఆర్కెస్ట్రానాటి హమాలీలును వచ్చిరి, వేరువేరుగానే కూర్చుండిరి. విల్లు విరుగువేళకు వెనుకవారు ముందుకు జరిగి, ముందువారు ఒత్తిగిలి చోటిచ్చి, చాపల నడుమ సందు లేకుండ పోయినది. మంగళము పాడిన పిదపను హార్మోనియమాయన శ్రుతి నాపలేదు. హారతిపళ్లెము పందిరి చివరిదాక పోయి, చిల్లరతో నిండి, మరల వేదిక చేరువరకు ఆ షడ్జము మ్రోగుచునేయుండెను.