లైటు వెలిగింది, బండి కదల్లేదు

డీకోడర్ బిగించిన బొమ్మ ఇంజన్ను పట్టాల మీద పెట్టాక లైటు వెలిగి, చక్రం తిరగకపోతే చాలామంది ముందు అనే మాట “డీకోడర్ పోయింది” అని. ఆ తీర్పును నేను తొందరగా నమ్మను. కదలకపోవడంలో రకాలున్నాయి. ఏ రకమో తేల్చుకోకుండా కొత్త డీకోడర్ కొంటే డబ్బు దండగ. లోపం లోపలే ఉంటే కొత్తదీ కాలిపోవచ్చు.

ఈమధ్య ఇక్కడ డల్లాస్‌లో తెలిసినవాళ్లబ్బాయి ఒక పాత ఆథర్న్ ఇంజను తెచ్చాడు. హెచ్‌ఓ సైజు, అంటే అసలు ఇంజన్లో 87వ వంతు. నీలం పెట్టెల్లో అమ్మిన ఆ తరం ఇంజన్లంటే నాకు ప్రాణం. గట్టివి, విప్పి చూస్తే అంతా అర్థమయ్యేవి. అవి తయారైన రోజుల్లో పట్టాల్లో వోల్టేజీ పెంచితే బండి వేగం పెరిగేది, అంతే. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతి వేరు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఆదేశాలూ దాంతోనే వస్తాయి. ఏ నంబరుకు చెబితే ఆ నంబరు డీకోడర్ విని, మోటారుకు ఎంత ఇవ్వాలో అంత ఇస్తుంది. అందుకే మోటారు పట్టాల కరెంటును నేరుగా తాకకూడదు. ఈ పాత ఇంజన్లలో మోటారు కింది బ్రష్ క్లిప్పు లోహపు చాసిస్‌ను తాకుతూ ఉంటుంది, ఒక పట్టా కరెంటు అట్నుంచే అందుతుంది. ఆ సంబంధం తెంచి, మోటారు కింద టేపు వేయాలి. అబ్బాయి ఆ పని శ్రద్ధగా చేశాడు.

“లైటు చెప్పినట్టు వింటోంది అంకుల్, మోటారే రావట్లేదు.”

లైటు వింటోందంటే ఎర్ర, నల్ల తీగలు పట్టాల నుంచి కరెంటు తెస్తున్నాయి, డీకోడర్ పనిచేస్తోంది, నంబరూ సరైందే. ఇక మిగిలినవి రెండు అనుమానాలు. ఆ డీకోడర్ అతను వేరే ఇంజన్లోంచి తీసింది. ఇంజన్లను జతకట్టి నడిపినప్పుడు ఆ జత నంబరు సీవీ 19లో, అంటే డీకోడర్ తన సెట్టింగులు దాచుకునే అరల్లో 19వ దాంట్లో, ఉండిపోతుంది. అక్కడ సున్నా లేకపోతే సొంత నంబరు మీద వచ్చే వేగం ఆదేశాలను బండి పట్టించుకోదు, లైటు మాత్రం వింటుంది. రెండో అనుమానం, నారింజ, బూడిద రంగు తీగలకూ మోటారుకూ మధ్య ఎక్కడో తెగిందని.

ఈ రెంటినీ విడదీసేది ప్రోగ్రామింగ్ ట్రాకు, అంటే సీవీలు చదవడానికీ మార్చడానికీ విడిగా పెట్టుకునే పట్టా ముక్క. మొత్తం డీసీసీలో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఇదే. సీవీలో ఏముందని అడిగితే చాలా డీకోడర్లు మోటారు ద్వారానే జవాబిస్తాయి. సుమారు 6 మిల్లీసెకన్ల పాటు మోటారుకు కరెంటు వదిలి, కనీసం 60 మిల్లీయాంపులు అదనంగా లాగుతాయి. కంట్రోలర్ ఆ పెరుగుదల చూసి అవునని లెక్క వేసుకుంటుంది. మోటారు దాకా దారి లేకపోతే, అలాంటి డీకోడర్ ఎంత బాగున్నా జవాబివ్వలేదు. సీవీ 19 అడిగాం, జవాబు లేదు. సొంత నంబరుండే సీవీ 1 అడిగాం, అదీ లేదు. జత నంబరే కారణమైతే రెండూ చదవగలిగేవాళ్లం.

డీకోడర్ తీగలు విప్పి మల్టీమీటర్ పెట్టాం. బ్రష్ క్లిప్పులకూ చాసిస్‌కూ సంబంధం లేదు, అది మంచిదే. కానీ ఒక క్లిప్పు నుంచి ఇంకో క్లిప్పుకీ లేదు. మోటారు చుట్ట కొన్ని ఓంలైనా చూపించాలి. కింది క్లిప్పు విప్పితే స్ప్రింగు పక్కకు జారి కనిపించింది. బ్రష్ కమ్యుటేటర్‌ను ఆనడం లేదు. సరిచేశాక ఓంలు కనిపించాయి.

డీకోడర్ తీగలు తిరిగి కలిపి, బాడీ బిగించాక మళ్లీ ప్రోగ్రామింగ్ ట్రాకు మీదే పెట్టించాను. అక్కడ కరెంటు పరిమితంగా వస్తుంది కాబట్టి, బాడీ కింద ఏ తీగో నలిగి చాసిస్‌ను తాకినా డీకోడర్ కాలే ప్రమాదం తక్కువ. సీవీ 19 సున్నా అని చదివింది. ఆ తర్వాతే మెయిన్ లైనుకు ఎక్కించాం, బండి కదిలింది. అతని దగ్గర అలాంటి ఇంజనే ఇంకోటుంది. దానికి మాత్రం క్లిప్పును బయటికి తీసి తీగను సోల్డర్ చేయమన్నాను; మోటారుకు ఉండగానే చేస్తే ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి బ్రష్ ఇరుక్కుపోవచ్చు.