సంగడి: జంటదోనెల నేర్పు

ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమిగా, వసిష్ఠగా చీలి, లంకలను చుట్టుకొని సముద్రాభిముఖమై సాగు గోదావరి, తన డెల్టాసీమకు పంటలనే గాక పడవలను గూడ ప్రసాదించినది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్ట వలన పారిన కాలువలు సేద్యమునకు ఎంతగా ఉపకరించెనో, లాకుల మీదుగా ధాన్యమును, కొబ్బరిని మోసిన సరకుపడవలకును అంతగానే ఉపకరించెను. తెరచాపయు చుక్కానియు గల ఆ పెద్ద పడవలను గూర్చి ముచ్చటించువారు పలువురు కలరు. కాని వానికన్న ప్రాచీనమై, పేదవానికి అందుబాటై, నీటిపై నిలకడ యను గహనమైన చిక్కును రెండు తాటిమ్రాకులతో విడదీసిన సంగడిని తలచువారు అరుదు. మన సీమ నిర్మాణప్రజ్ఞకు అదియే ఉత్తమ నిదర్శనమని నా దృఢవిశ్వాసము.

సంగడికి మూలము తాటిదోనె. తాటిమాను వెలుపల చేవదేరి గట్టిగా నుండును. లోపల మెత్తని నారభాగము. కావున ముదురుమానును పడగొట్టి, మొదలుభాగమును తగిన పొడవునకు కోసి, ఒక ప్రక్కనుండి లోపలి మెత్తదనమును తొలచివేసినచో, నీటికి ఓర్చుకొను దొప్ప మిగులును. వేళ్ళ చెంత సహజముగా ఉబ్బియుండు మొదలే ఒక కొనను మూసియుంచును. కోతపడిన రెండవ కొనకు బంకమట్టితో అడ్డుకట్ట వేయుదురు. కొల్లేటి మత్స్యకారులు ఇట్టి దోనెలపైననే వలలకును, మావులనెడి చేపల ఉచ్చులకును పోయి, లోతు తక్కువైన చోట గెడ వేసియు, లోతు హెచ్చిన చోట తెడ్డు వేసియు జీవనము సాగించిరి.

అయితే ఒంటిదోనెకు ఒక దౌర్బల్యము కలదు. దాని యడుగు గుండ్రన, వెడల్పు స్వల్పము. ఎక్కినవాడు కొంచెము ప్రక్కకు ఒరిగినను అది దొర్లిపోవ జూచును. దోనెను వెడల్పు చేయుదమన్న, తాటిమాను లావు మన ఇచ్ఛకు లోబడదు. అప్పుడు పూర్వులు చేసిన ఉపాయ మేమనగా, రెండు దోనెలను ప్రక్కప్రక్కన నిలిపి, అడ్డువాసములు వేసి, త్రాళ్ళతో బిగించుట. కాళ్ళు ఎడముగా చాచి నిలిచిన మనుజుని త్రోసివేయుట ఎంత కష్టమో, ఈ జంటను బోర్లించుటయు అంత కష్టము. ఒక వైపు బరువు పడినంతనే ఆ దోనె మరికొంత మునిగి, మునిగిన కొలది నీరు దానిని పైకి నెట్టును. రెండవది నీటినుండి లేచి తన భారముతో క్రిందికి దిగజూచును. ఈ రెండు బలములును కలసి నావను మరల సమస్థితికి తెచ్చును. త్రాటికట్టులో మరియొక సుగుణ మున్నది: అల తాకినపుడు అది కొంత సడలి, కొంత సాగి, మ్రాను చీలకుండ కాపాడును. ఈ సూత్రమునే పెద్ద నావలకు పట్టించి, పైన పలకలు పరచినచో అదియే మన రేవులలోని బల్లకట్టు.

ఈ విద్య మన యొక్కరిదే కాదు. సింహళమునందలి ఓరువ యను నావకు ఒక ప్రక్కన మాత్రమే తేలుదుంగను వాసములతో దూరముగా కట్టుదురు. గాలి వీచు దిక్కుననే ఆ దుంగ నుండునట్లు నడపుదురు. హవాయి ద్వీపములలో ఇట్టి తేలుదుంగ నావలతో మొలొకాయి నుండి ఒవాహు వరకు, 60 కిలోమీటర్లకు పైబడిన సముద్రమార్గమున, మూడు నావలతో 1952లో ఆరంభమైన పందెము నేటికిని ప్రసిద్ధము. నావలో ఆరుగురు తెడ్లు వేయుచుండ, వెంబడించు పడవ ముందునకు పోయి బదులు మనుషులను నీటిలో దింపును. నావ దరిసినంతనే అలసినవారు ఒక ప్రక్క దుముకగా, క్రొత్తవారు వేరొక ప్రక్క ఎక్కుదురు. నడక మాత్రము ఆగదు. తేలుదుంగ తేలిక గనుక వేగమునకు అనుకూలము. జంటనావ బరువునకును దూరయాత్రకును అనుకూలము. 1976లో హవాయి నుండి తాహితి వరకు, ఉపకరణముల సాయము లేక నక్షత్రములను, అలలను చూచి నడపిన హొకులేయా జంటనావయే.

మన తీరమున ఈ నేర్పు నిన్నటిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన పెరిప్లస్ గ్రంథము, తూర్పుతీరపు రేవులలో ఒంటిమ్రాను నావలను జతగూర్చి కట్టిన సంగర యను పెద్ద నావలను పేర్కొన్నది.

నేడు ఫైబరు పడవలును యంత్రములును వచ్చినవి. వానిని నిందింప బనిలేదు, అవి బెస్తవాని శ్రమను తగ్గించినవి. కాని మాను ఎంచుట, తొలచుట, వాసమెంత దూరమున వేయవలెనో, కట్టెంత బిగువుండవలెనో తెలియుట చేతిలో నుండు విద్య. చేయి పోయిన విద్యయు పోవును. సంక్రాంతికి ఆత్రేయపురము కాలువలో కాటన్ దొర పేరిట పడవపందెములు జరుపుచున్న పెద్దలకు నా విన్నపమిది: పరదేశపు డ్రాగన్ పడవల సరసన మన జంటదోనెలకును ఒక పందెము పెట్టుడు, వానిని చెక్కగల వృద్ధులను పిలిచి, యువకుల యెదుట చెక్కింపుడు. పందెమున్నచోట పనితనము నిలుచును.