ముందు ఏది కట్టాలి?

కంప్యూటర్ ప్రత్యర్థి ఊళ్లో ముందు ప్రహరీ గోడ లేవాలా, ధాన్యాగారమా? ఆ నిర్ణయం వెనక ఒక మనిషి పనితనం ఉంటుంది. 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4' అనే కంప్యూటర్ ఆటకు ప్రధాన డిజైనర్ సోరెన్ జాన్సన్. ప్రత్యర్థి బుర్రను రాసిందీ ప్రధానంగా ఆయనే. మరుసటి ఏడాది ఆ కోడ్‌ను ఆటగాళ్ల చేతికే ఇచ్చారు.

ఆ కోడ్ ప్రకారం, ఊరికి ముప్పుంటే ముందు కాపలా దండు. భవనాల దగ్గరికి వచ్చాకే అసలు నేర్పు కనిపిస్తుంది. ఊరి అవసరాన్ని బట్టి ప్రతి కట్టడానికీ ఒక విలువ కడతారు. దానికి కాస్త అదృష్టం కలుపుతారు, లేకపోతే ప్రతి ఆటా ఒకేలా నడుస్తుంది. (ఆ అదృష్టాన్ని తెచ్చే ఫంక్షన్ పేరులో సోరెన్ ఉన్నాడు!) సగంలో ఆగిన కట్టడానికి అప్పటిదాకా పడిన శ్రమను జమ వేస్తారు. చివరికి, పూర్తవడానికి ఎన్ని టర్నులు పడతాయో చూసి ఆ మేరకు విలువ తగ్గిస్తారు. ఎంత చక్కని లెక్క! ఎంత గొప్ప కట్టడమైనా ఏళ్లూ పూళ్లూ పట్టేట్టుంటే, త్వరగా పూర్తయ్యే ధాన్యాగారానికి దారి ఇవ్వాల్సిందే. ఆటలోని నాయకుల స్వభావాలకూ అంకెలున్నాయి, అందుకే ఆజ్టెక్ నాయకుడు మాంటెజుమా సైన్యం వైపు మొగ్గుతాడు.

ప్రత్యర్థికి తెలివి లేదని విసుక్కునే ముందు ఆ కోడ్ ఒక్కసారి తెరిచి చదవండి.