ఒడ్డున మొహమాటం పనికిరాదు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో వేసవి మధ్యాహ్నాలు గాలివి. లోపలి లోయ ఎండకు కాగేసరికి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. ఆ గాలి కోసం పని ముగించుకుని ఫాస్టర్ సిటీ థర్డ్ అవెన్యూ ఒడ్డుకు పరుగెత్తే కైట్‌బోర్డర్లలో నేనూ ఒకణ్ణి. కాళ్ల కింద బోర్డు, నడుముకు హార్నెస్, ఇరవై మీటర్లకు పైగా సాగిన లైన్ల చివర కైట్. సంక్రాంతి పతంగి దారం తెగితే పతంగే పోతుంది. ఈ కైట్ అదుపు తప్పితే మనిషినే లేపి ఒడ్డు రాళ్ల మీద పడేస్తుంది.

కారు నడపడానికి కావాలి గానీ, ఈ ఆటకు లైసెన్సు అక్కర్లేదు. నీళ్లలోకి దిగేముందు మన సరంజామా తనిఖీ చేసే అధికారి ఎవరూ ఉండరు. ఆ బాధ్యత పక్కనున్న ఆటగాళ్లదే. అది వాళ్లు ఎంత శ్రద్ధగా చేస్తే ఆ ఒడ్డు అంత భద్రం.

గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. 12 నాట్లలో హాయిగా ఆడించిన కైట్ 24 నాట్లలో చేతికి లొంగదు. అందుకే ఒడ్డున పలకరింపే "ఇవాళ తొమ్మిదా, పన్నెండా?" అని మొదలవుతుంది. అడిగేది కైట్ ఎన్ని చదరపు మీటర్లని. గోల్డెన్ గేట్ దగ్గరి క్రిసీ ఫీల్డ్ ఒడ్డున అయితే "టైడ్ చూశావా?" అని కూడా అడుగుతారు. అక్కడ పోటు తీసే వేళ గాలి పడిపోతే, ప్రవాహం మనిషిని గోల్డెన్ గేట్ వంతెన కిందుగా మహాసముద్రం వైపు లాక్కుపోతుంది. ఆ దారిలోనే పెద్ద ఓడలు తిరుగుతాయి. అవి మన కోసం చప్పున ఆగలేవు.

సరంజామా చాలా మెరుగుపడింది. ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు గాలి నింపే కైట్‌కు 1984లో పేటెంటు కోరారు. తొలినాళ్ల కైట్ల లాగుడును పూర్తిగా తగ్గించే వీలుండేది కాదు. ఇప్పుడు చేతిలోని బార్ వదిలితే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ లొంగకపోతే కైట్ లాగుడును తెంచే క్విక్ రిలీజ్ నొక్కాలి, చివరికి కైట్‌ను మనకు కట్టి ఉంచే లీష్ కూడా వదిలేయాలి. క్విక్ రిలీజ్‌కు 2020లో ఐఎస్‌ఓ ప్రమాణం కూడా వచ్చింది. అయినా ఇసుక ఇరుక్కుంటే అది మొరాయిస్తుంది. నీళ్లలోకి దిగేముందు ఒకసారి నొక్కి చూడమని నేను అందరికీ చెబుతాను.

కైట్ లేపేటప్పుడు దాని అంచు పట్టుకుని ఒకరు నిలబడతారు. లేపేవాడు బొటనవేలు చూపిస్తే వదులుతారు. ఒక్క లైను తారుమారైనా కైట్ లేస్తూనే గిర్రున తిరిగి నేలకు కొడుతుంది. కాబట్టి పట్టుకున్నవాళ్లు సాయం చేస్తే సరిపోదు, తనిఖీ కూడా చేయాలి. మన కుర్రాళ్లు "అన్నా, కాస్త పట్టుకుంటారా?" అని వస్తారు. లైన్లన్నీ కళ్లతో చూసుకున్నాకే పట్టుకుంటాను. "ఆగు తమ్ముడూ, ఎడమ లైను మెలిపడింది" అంటే ఒక్కోసారి ముఖం చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోనివ్వండి. "వాడికి తెలుసులే, మనకెందుకు" అనే మొహమాటం అక్కడ ఎముకలు విరగ్గొడుతుంది.

ఒడ్డు మనదొక్కరిదే కాదు. పిల్లలు, కుక్కలు, నడకకు వచ్చిన పెద్దలు అక్కడే తిరుగుతారు. బిగిసిన లైను చర్మాన్ని కోస్తుంది. అందుకే కైట్ దించగానే లైన్లు చుట్టేయాలి, కైట్ మీద ఇసుక బరువు పెట్టాలి. బోర్డు మీద ఫోన్ నంబరు రాయాలి. ఖాళీ బోర్డు తేలుతూ కనిపిస్తే కోస్ట్ గార్డ్ మనిషి మునిగాడేమోనని గాలింపు మొదలుపెడుతుంది. నంబరుంటే ఒక్క ఫోన్‌తో సంగతి తేలుతుంది. దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే మాత్రం ఒడ్డు మనందరికీ మూతపడే ప్రమాదముంది.

ఈ ఆట నేర్చుకోవాలనుకునే మన యువతకు నా విన్నపం ఇది. శిక్షణ పొందిన గురువు దగ్గరే నేర్చుకోండి. ఎవరైనా కైట్ మీ చేతికిచ్చినప్పుడు అనుమానం వస్తే వదలకండి, "వద్దు" అని గట్టిగా చెప్పండి. ఆ మాట మీకే ఎవరైనా చెబితే వాదించకుండా కైట్ దించేయండి.