బసివి ఎవరి కూతురు, ఎవరి కొడుకు?

అనంతపురం కరువు గురించి మనకు చాలా లెక్కలు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, ఎండిపోయే వేరుశెనగ, బెంగుళూరుకు వలస. ఈ లెక్కల్లోకి రాని మనిషి ఒకరున్నారు: రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు మాదిగ వాడల్లో 'బసివి'గా విడిచిన ఆడమనిషి. ఆమె గురించి రాసినవాళ్ళు లేక కాదు. ఏ కళ్ళతో చూసి రాసినారు అన్నదే మా ప్రశ్న.

బసవడంటే దేవుడి పేర వదిలిన ఎద్దు. బసివి దానికి స్త్రీరూపమంటారు. ఎద్దు ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరు, కానీ ఆ ఎద్దుకు తనదంటూ ఒక చేను ఉండదు. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ బళ్ళారి ప్రాంతపు బసివిల మీద పోలీసు అధికారి ఫాసెట్ 19వ శతాబ్దం చివర ఒక వ్యాసం రాసినాడు. దేవతకు అంకితమై మగవాళ్ళ హక్కులు పొందే స్త్రీలుగా వాళ్ళను వర్ణించినాడు. కొడుకుల్లేని ఇంట్లో ఒక కూతురిని దేవతకిస్తే ఆమె కొడుకు కిందే లెక్క. తండ్రి ఆస్తి ఆమెకు, కర్మకాండ ఆమె చేతుల మీద, ఆమె పిల్లలకు ఆమె తండ్రి ఇంటిపేరు.

ఇదంతా నిజమే అనుకుందాం. కానీ ఏం ఆస్తి? బోయల్లోనూ బసివిలుండేవాళ్ళని థర్‌స్టన్ 1909 నాటి గ్రంథంలో కనిపిస్తుంది. నాలుగెకరాలున్న ఇంట్లో కొడుకు స్థానం అంటే నాలుగెకరాలు. సెంటు భూమి లేని మాదిగ ఇంట్లో కొడుకు స్థానమంటే ముసలి తల్లిదండ్రుల తిండి, తండ్రి చేసిన అప్పు, దొర ఇంటి చాకిరీ. ఆచారం ఒకటే, కులాన్ని బట్టి అది చేసే పని వేరు. ఫాసెట్ హక్కును చూసినాడు, హక్కు కింద నేల ఉందో లేదో చూడలేదు.

మన సాహిత్య విమర్శ చేసిందేమిటి? ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం మీద మనం చాలానే మాట్లాడినాం, మాట్లాడాలి కూడా. అయితే తంజావూరు ఆస్థానపు గణికకు పద్యముంది, సంగీతముంది, ఆమెను కాపాడుకోవడానికి 'కళ' అనే మాట ఉంది. దేవదాసీల మాన్యాలను వాళ్ళకే ఖాయం చేయడానికి మద్రాసులో 1929లో చట్టం వచ్చింది. మాన్యమే లేని బసివికి దానివల్ల ఒరిగేదేముంది? ఇద్దరినీ 'దేవదాసి' అనే ఒక్క మాటలో కలిపేస్తే మాయమయ్యేది కులమే.

చట్టాలు కూడా ఆ ఒక్క మాటతోనే నడిచినాయి. 1947 మద్రాసు చట్టం, 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం అంకితాన్ని నేరమన్నాయి. అంకితమైన స్త్రీ చేసుకునే పెళ్ళి చెల్లుతుందన్నాయి. ఇది అవసరమే, దీన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ చట్టం ఆమెకు చూపించిన దారి పెళ్ళి ఒక్కటే. పెళ్ళి వద్దనుకునే బసివి సంగతేమిటి? 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ సవరణలో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. దేవతతో పెళ్ళిని చట్టం ఒప్పుకోదు గనుక బసివి కూడా పెళ్ళికాని కూతురే, ఆమెకూ వాటా ఉంది. మళ్ళీ అదే ప్రశ్న: దేంట్లో వాటా?

లూసిండా రాంబర్గ్ 2014లో ఉత్తర కర్నాటక జోగతుల మీద పుస్తకం తెచ్చింది. ఎల్లమ్మతో పెళ్ళి కూడా ఒక బంధుత్వమే, దాన్ని వట్టి వ్యభిచారమనో మూఢనమ్మకమనో కొట్టెయ్యడం దళిత స్త్రీలను ఇంకోసారి అవమానించడమే అని ఆమె వాదన. సంస్కర్తల అహంకారాన్ని ఇంత సూటిగా పట్టుకున్నవాళ్ళు తక్కువ. అంతవరకు మేము ఒప్పుకుంటాం. కానీ దాన్ని వేరే రకం బంధుత్వమని గుర్తించాక కూడా మిగిలే ప్రశ్న ఉంది: ఈ బంధుత్వంలోకి ఆమె వచ్చిందా, తెచ్చినారా? 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు చెప్తూ లైంగికతను వ్యక్తి గౌరవంగా, స్వేచ్ఛగా గుర్తించింది. పసితనంలోనో ఈడేరినప్పుడో ఇంటివాళ్ళు, ఊరు కలిసి తాళి కట్టించిన పిల్ల విషయంలో ఆ వ్యక్తి ఎవరు? ఆమె లైంగిక అస్తిత్వాన్ని ఆమెకంటే ముందే ఊరు రాసి పెట్టింది. ఆ రాతలో 'వద్దు' అనే హక్కు లేదు. పెద్దకులాల మగవాడికి 'వద్దు' అని చెప్పడం మాదిగ ఆడమనిషికి బసివి కాకపోయినా కష్టమే. బసివి అయితే ఊరు ఆ మాటను మాటగానే లెక్కపెట్టదు.

అందుకే 'దురాచారం' అనే మాటా, 'వేరే రకం బంధుత్వం' అనే మాటా మాకు చాలవు. మొదటిది ఆమెను బాధితురాలిగా నిలబెట్టి ఇంకొకరి ఇంటికి పంపిస్తుంది. రెండోది ఆమె తెలివిని గౌరవిస్తుంది కానీ కూలికి పోయే ఆమె చేతులను మరిచిపోయే ప్రమాదముంది. లైంగిక హక్కు అంటే ఔననే హక్కు, కాదనే హక్కు రెండూ. ఆ రెండూ నిలబడాలంటే కింద భూమి, పింఛను, ఇల్లు ఉండాలి. తండ్రి పేరు అడగకుండా తల్లిని సంరక్షకురాలిగా ఒప్పుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు ఒక అవివాహిత తల్లి కేసులో చెప్పింది. ఆ మాట బసివి పిల్లల బడి రిజిస్టరు దాకా, కులం సర్టిఫికెట్టు దాకా రావాలి.

విద్యార్థులు ఈ విషయం మీద పని చేయబోతే మొదట వాడలోకి పోయి, భూమి ఎవరి పేర ఉందో, ఎప్పుడు ఎవరి చేతికి పోయిందో అడగండి. దేవత గురించి ఆ తర్వాత అడగొచ్చు.