అబలయు, సచ్చరిత్రయు

భండారు అచ్చమాంబగారు 1901లో ప్రకటించిన గ్రంథమునకు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని పేరు. స్త్రీలు బలహీనులు, విద్యకు అనర్హులు అను అభిప్రాయమును ఖండించుటకు పూనుకొన్న ఆ రచయిత్రియే పుస్తకము పేరులో ‘అబల’ అను మాటను ఉంచిరి. దాని ప్రక్కనే ‘సచ్చరిత్ర’ను నిలిపిరి. స్త్రీవాదులలో నేటికిని తెగని వివాదమొకటి ఈ రెండు పదముల నడుమ ఇమిడియున్నది.

స్త్రీ పడు పీడనను చూపనిదే అన్యాయము లోకమునకు తెలియదని ఒక పక్షమువారందురు. ఎల్లప్పుడును పీడితురాలుగానే చూపినచో ఆమె తెలివియు, చేతలును మరుగుపడి, జాలికి మాత్రమే ఆమె పాత్రురాలగునని రెండవ పక్షమువారందురు. కొందరి విజయమును చూపి పెక్కుమంది బాధను కప్పుచున్నారని మొదటివారి ఆక్షేపణ. బాధనే స్త్రీ స్వభావముగా చేయుచున్నారని రెండవవారి ఆక్షేపణ. రెండింటను సత్యమున్నది.

ఈ వివాదమును దళిత స్త్రీలు మరొక వైపునుండి ప్రశ్నించిరి. గోగు శ్యామలగారి సంపాదకత్వమున 2003లో వెలువడిన ‘నల్లపొద్దు’ను చదివినవారికి ఆ ప్రశ్న యొక్క బరువు తెలియును. ఇల్లు దాటి పనికి పోవుటయే విముక్తి అనువారికి, తరతరములుగా పరుల పొలములలో కూలిచేసిన స్త్రీ ఏమి చెప్పును? ఆమె ఏనాడో ఇల్లు దాటినది. ఆమెకు దక్కనిది పని కాదు, ఆ పనికి తగిన గౌరవము. కులమును విడిచి బలమునకు గాని, పీడనకు గాని అర్థము చెప్పుట సాధ్యము కాదు.

స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ విషయమున మిక్కిలి విలువైనది. 1946–51 నడుమ జరిగిన తెలంగాణా సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలవి. పోరాటమున తాము పొందిన స్వేచ్ఛను తలచుకొని పొంగిపోయినవారును వారే. అది ముగిసిన పిదప మరల వంటయింటికి పొమ్మన్నారని నొచ్చుకొన్నవారును వారే. గర్వమును, గాయమును ఒకే నోట వినవచ్చును. వారికి వీరనారులని గాని, బాధితులని గాని ఒక్క పేరు పెట్టబోయినచో ఆ మాటలలో సగము విననట్లే యగును.

ఓల్గాగారి ‘విముక్త’ కథలకు 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. అందు సీతను కలిసికొను శూర్పణఖ అవమానమును మరచినది కాదు. తోటను పెంచి, ఆ శ్రమలో సౌందర్యమునకు క్రొత్త అర్థమును కనుగొన్నది. గాయము మాసిపోలేదు. అయినను కథ గాయముతో ఆగిపోలేదు.

ఇది పుస్తకములకే పరిమితమైన చర్చ కాదు. అచ్చమాంబగారు తెలుగుదేశమునకు దూరముగా మధ్యపరగణాలలో నివసించి, 1905లో బిలాస్‌పూర్‌లో మరణించిరి. ఆ ఊరిమీదుగా పోయిన బెంగాల్–నాగపూర్ రైలుమార్గముననే తూర్పున ఖరగ్‌పూర్ ఉన్నది. రైల్వే పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు అచ్చటి నిమ్‌పురా వంటి పేటలలో స్థిరపడినవి. ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణించినచో అతని భార్యకు గాని, సంతానమునకు గాని కారుణ్య నియామకము నిచ్చు పద్ధతి రైల్వేలో కలదు. అట్లు పనిలో చేరిన స్త్రీ కాగితముపై కరుణకు పాత్రురాలు, మరునాటినుండి కార్మికురాలు. ఆమెను అభాగ్యురాలన్నను, విజేత యన్నను సగమే చెప్పినట్లు. భర్త మరణము ఆమె కోరినది కాదు. ఆ ఉద్యోగమును నిలుపుకొని ఇంటిని నడుపుట ఆమె చేసినది. మొదటిదానిని దాచినచో ఆమె కష్టమునకు అన్యాయము; రెండవదానిని దాచినచో ఆమెకే అన్యాయము.

కావున విమర్శకుడు వేయవలసిన ప్రశ్న, రచనలోని స్త్రీ బలవతియా, అబలయా అనునది కాదు. ఆమెకు కీడు చేసినదెవరో రచన స్పష్టముగా చెప్పుచున్నదా? ఆ కీడునుగూర్చి తీర్పు చెప్పు అధికారమును ఆమెకే ఇచ్చినదా? ఈ రెండును ఉన్న రచనలో కన్నీరు స్త్రీని చిన్నబుచ్చదు. విజయము ఇతర స్త్రీల బాధను కప్పిపుచ్చదు.